బెంజమిన్ మేస్ గురించి యౌవనస్తులకు చెప్పాలి, ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: చరిత్ర అధ్యాపకురాలు, ఫ్రేజర్ టౌన్, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక పీయూ (ఇంటర్) కళాశాలలో చరిత్ర బోధిస్తాను. మాది ఒంగోలు దగ్గరి పల్లె. మా తాతగారు అమెరికన్ బాప్తిస్టు మిషన్ బోర్డింగులో ఉండి చదువుకున్నారు, ఆ చదువుతోనే మా ఇంట్లోకి మొదటి నెల జీతం వచ్చింది. ఇక్కడ మేము వెళ్లే తెలుగు సంఘంలో నెలకొకసారి యౌవనస్తుల కూటం జరుగుతుంది. వచ్చే నెల కూటంలో క్రైస్తవ విద్యావేత్తలలో ఒకరిని గురించి గంటసేపు మాట్లాడమని పాస్టరుగారు నన్ను అడిగారు. విలియం కేరీ గురించో, ఒంగోలు క్లౌ దొరగారి గురించో చెబుతానని అందరూ అనుకుంటున్నారు. నేను మాత్రం అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలను 1940 నుంచి 1967 వరకు నడిపిన బెంజమిన్ ఎలైజా మేస్ గురించి చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మంది సభ్యులతో బాప్తిస్టు సంఘం ఏర్పడిందని మన పెద్దలు చెబుతూ ఉంటారు. సరిగ్గా ఆ మరుసటి నెలలో, జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా పట్టణంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్తిస్టు చర్చి నేలమాళిగలో, బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడిన నల్లజాతి వారి కోసం ఒక బడి మొదలైంది. ఆ బడే 1879లో అట్లాంటాకు తరలి, తరువాత అట్లాంటా బాప్తిస్టు కళాశాల అయి, 1913లో మోర్‌హౌస్ అన్న పేరు పెట్టుకుంది. ఆ పేరు అమెరికన్ బాప్తిస్టు హోం మిషన్ సొసైటీ కార్యదర్శిగా పనిచేసిన హెన్రీ లైమన్ మోర్‌హౌస్‌ది. అమెరికాలోని బాప్తిస్టులు తమ దేశంలో విడుదలైన బానిసల చదువుకు ఒక సంస్థ ద్వారాను, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లోని మన తాతముత్తాతల చదువుకు మరొక సంస్థ ద్వారాను డబ్బు పంపారు. ఈ రెండు బడులూ ఒక ఇంటి పిల్లలే అన్న సంగతి మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. నాకు కూడా ఈ మధ్యే తెలిసింది.

ఇక నా చిక్కు చెబుతాను. ప్రసంగం రాసుకుంటూ, మొన్న ఆదివారం ఆరాధన అయిన తరువాత, కూటంలో చురుగ్గా ఉండే ఇంజినీరింగ్ విద్యార్థి ఒకరికి కొంత చదివి వినిపించాను. ఆ అబ్బాయి చివరిదాకా శ్రద్ధగా విని, "మేడమ్, నల్లవాళ్ల కోసం వేరుగా పెట్టిన కాలేజీని ఇరవై ఏడేళ్లు నడిపిన ఆయన, నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి వేరుగా ఉంచే వేర్పాటును ఎదిరించారని ఎలా అంటారు? ఒప్పుకున్నట్టే కదా?" అని అడిగాడు. మార్టిన్ లూథర్ కింగ్ ఆయన విద్యార్థి అని చెప్పాను. "అది కింగ్ గొప్పతనం కదండీ" అన్నాడు. నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. శిష్యుడి కీర్తిని గురువుకు అరువిచ్చి మాట్లాడుతున్నానేమో అని అప్పటి నుంచి బాధపడుతున్నాను.

కాబట్టి తెలిసినవారిని అడుగుతున్నాను. కింగ్ పేరు ఎత్తకుండా మేస్‌ను నిలబెట్టగలమా? ఆయన కళాశాల పాలన, ఆయన అభిప్రాయాలు, ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి? ఇంకొక మాట: ఆయన 1936 చివర మన దేశానికి వచ్చి గాంధీగారిని కలిశారు. ఆ సమావేశంతో ప్రసంగం ముగించాలని ఉంది. అది సబబుగా ఉంటుందా?

జవాబు: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, జయనగర్

అమ్మా, ఆ అబ్బాయి ప్రశ్న మంచి ప్రశ్న. దాన్ని తప్పించుకోవద్దు, అక్కడి నుంచే మొదలుపెట్టండి. నేను ముప్పై ఏళ్లకు పైగా కళాశాలల్లో పనిచేశాను, మేస్ రాసుకున్న ఆత్మకథను రెండుసార్లు చదివాను. దాని పేరే "బోర్న్ టు రెబెల్", 1971లో వచ్చింది. తిరగబడడానికే పుట్టానని అన్న మనిషి ఒప్పుకోలుతో బతికాడా లేదా అన్నది ఆయన రోజువారీ పనిలో వెతకాలి.

ఆయన పుట్టింది 1894 ఆగస్టు 1న, దక్షిణ కరోలినాలో. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో పుట్టినవారు, ఆ తరువాత కౌలు సేద్యం చేసుకున్నవారు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన చివరివాడు. తనకు గుర్తున్న మొట్టమొదటి సంఘటన ఏమిటో ఆయనే రాశారు. 1898 నవంబరులో, ఫీనిక్స్ అనే చోట ఎన్నికల గొడవలు చెలరేగినప్పుడు, తుపాకులు పట్టుకున్న తెల్లవారి గుంపు గుర్రాల మీద వచ్చి ఆయన తండ్రిని ఆపి, టోపీ తీయించి, తమ ముందు పదేపదే వంగి దండం పెట్టించింది. నాలుగేళ్ల పిల్లవాడు పక్కన నిలబడి అదంతా చూశాడు. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి కాసేపు ఆగండి. మన పల్లెల్లో తలపాగా తీసి, చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతలున్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. మీరు వివరించి చెప్పవలసిన అవసరం ఉండదు.

చదువు కోసం ఆయన పడిన పాటు కూడా చిన్నది కాదు. పత్తి పొలాల పని వల్ల పందొమ్మిదేళ్లు వచ్చేదాకా ఏ సంవత్సరమూ నాలుగు నెలలకు మించి బడికి వెళ్లలేదు. నల్లవాడికి నిజాయితీగా బతికే దారులు రెండే, ఒకటి సేద్యం, రెండోది వాక్యబోధ, అని తండ్రిగారి నమ్మకం. ఆయన్ను ఎదిరించి చదివి, 1916లో హైస్కూలులో మొదటి స్థానంలో నిలిచి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని బేట్స్ కళాశాలకు వెళ్లి 1920లో పట్టభద్రుడయ్యారు. తెల్లవారితో సమానమైన పరీక్ష రాసి తన బుద్ధిని తానే కొలుచుకోవాలని ఆయన అక్కడికి వెళ్లారు. రైలు బండ్లలో పుల్‌మన్ పోర్టరుగా పడకలు సర్దే పని చేస్తూ ఫీజులు కట్టుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో ఎమ్మే 1925లో వస్తే, డాక్టరేటు 1935లో వచ్చింది. మధ్యలో అట్లాంటాలో షైలో బాప్తిస్టు సంఘానికి కాపరిగాను, మోర్‌హౌస్‌లో లెక్కల అధ్యాపకుడిగాను పనిచేశారు. 1934 నుంచి ఆరేళ్లు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్ర శాఖకు డీన్‌గా ఉన్నారు.

ఇప్పుడు మీ అబ్బాయి ప్రశ్నకు వస్తాను. 1940లో మేస్ మోర్‌హౌస్‌కు అధ్యక్షుడిగా వచ్చారు. మన లెక్కలో ప్రిన్సిపాల్ అనుకోండి, అయితే డబ్బు తెచ్చే భారం కూడా ఆయనదే. కాలేజీ ఆర్థిక స్థితి బలహీనంగా ఉంది. ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి ఫీజులు కచ్చితంగా వసూలు చేయడం. ఎంత కచ్చితంగా వసూలు చేశారంటే, విద్యార్థులు ఆయనకు "బక్ బెన్నీ" అని పేరు పెట్టారు (బక్ అంటే వాడుకలో డాలరు). ఇది మనకు రుచించని వివరంలా కనిపిస్తుంది గాని, కాలేజీ నడిపిన వారికి అర్థమవుతుంది. దాతల దయ మీద మాత్రమే నిలబడిన సంస్థలో అధ్యాపకుడి జీతం, నోటి మాట, రెండూ దాత చేతిలో ఉంటాయి. వేర్పాటు పాపమని మంగళవారం ఉదయం చాపెల్‌లో (కాలేజీ ప్రార్థన మందిరంలో) నిలబడి చెప్పాలంటే, సోమవారం సాయంత్రానికి లెక్కలు సరిపోవాలి.

ఆ మంగళవారం ప్రసంగాలే ఆయన అసలు పని అని నా అభిప్రాయం. విద్యార్థులంతా వచ్చి కూర్చునేవారు, అధ్యక్షుడు మాట్లాడేవారు. చట్టం మిమ్మల్ని వెనక సీటులో కూర్చోబెట్టగలదు గాని, మీ మనసును కూర్చోబెట్టే అధికారం దానికి లేదని ఆయన బోధ సారాంశం. అందులో ఆచరణ కూడా ఉంది. నల్లవారికి వేరే ద్వారం, మిద్దె మీద వేరే సీట్లు పెట్టిన సినిమా హాళ్లకు వెళ్లవద్దని విద్యార్థులకు నేరుగా చెప్పేవారు. పనికోసం, ప్రయాణం కోసం తప్పనిసరై వేర్పాటును భరించడం ఒకటి, వినోదం కోసం డబ్బిచ్చి మరీ అవమానాన్ని కొనుక్కోవడం మరొకటి అని ఆయన వేరుచేసి చూపించారు. ఓటమి పాపం కాదు, చిన్న గురి పెట్టుకోవడమే పాపమన్నది కూడా ఆయన పదేపదే చెప్పిన మాట.

కాబట్టి వేర్పాటు కట్టిన గోడల మధ్య ఉన్న సంస్థను నడిపినంత మాత్రాన ఆయన ఆ గోడను ఒప్పుకున్నట్టు కాదు. అంతకు మించిన మాట కూడా ఉంది. యుద్ధకాలంలో యువకులు సైన్యంలోకి పోయి కాలేజీ ఖాళీ అవుతుంటే, హైస్కూలు చివరి తరగతి పూర్తికాని తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి చేర్చుకునే పద్ధతి నడిచింది. 1944లో పదిహేనేళ్ల కింగ్ చేరింది ఆ దారినే. కింగ్ పేరు ఎత్తవద్దని మీరు అన్నారు గాని, ఎత్తవలసిన చోటు ఇది. గొప్పవాడు తనంతట తాను వచ్చాడని చెప్పకుండా, తలుపు తీసిపెట్టిన పాలనా నిర్ణయం ఒకటి ఉందని చెప్పండి.

ఇంకొక సంఘటన కూడా చేర్చమని నా విన్నపం. 1956 ఫిబ్రవరిలో, మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ నడిపినందుకు కింగ్ మీద కేసు పెట్టాక, ఆయన అట్లాంటాలో తండ్రిగారింటికి వచ్చారు. కొడుకు ప్రాణానికి భయపడిన తండ్రి ఊరి పెద్దలను పిలిపించారు. వెనక్కి వెళ్లకపోవడమే మంచిదని చాలామంది తలలూపారు. వెళ్లి తీరాలని, తన జనాన్ని వదిలేయడం కంటే జైలు మేలని కింగ్ అన్నప్పుడు, ఆ గదిలో ఆయన పక్షాన మాట్లాడింది మేస్. పూర్వ విద్యార్థిని ఆపి కాపాడుకోవాలని ఏ ప్రిన్సిపాల్‌కైనా ఉంటుంది. నాకూ అలాంటి సందర్భం ఒకసారి వచ్చింది, నేను ఆ పిల్లవాడికి ఇంటికి పొమ్మనే చెప్పాను. అందుకే ఆ గదిని తలచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

జవాబు: పరిశోధక విద్యార్థి, కె.ఆర్. పురం

మాస్టారి జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను. గాంధీగారి సమావేశంతో ముగించాలన్న ఆలోచన మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది మేడమ్. అలా ముగిస్తే ఇద్దరు మహానుభావులు కలిసి అహింస గురించి మాట్లాడుకున్న అందమైన పటం గోడకు తగిలించినట్టవుతుంది. జరిగింది అంతకంటే ఇబ్బందికరమైనది, మన పిల్లలకు అంతకంటే అవసరమైనది.

మేస్ ఇక్కడికి వచ్చింది 1937 జనవరిలో మైసూరులో జరిగిన వైఎంసీఏ ప్రపంచ సమావేశానికి. మన ఊరి నుంచి మూడు గంటల ప్రయాణం. సహచరుడు చానింగ్ టోబియాస్‌తో కలిసి వార్ధా దగ్గరి సేగాంవ్‌లో గాంధీగారిని కలిశారు. అప్పటికి ఆ ఊరికి సేవాగ్రామ్ అన్న పేరు ఇంకా రాలేదు. గంటన్నర మాట్లాడారు. అహింస అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని, హింస కంటే అదే ఎక్కువ క్రియాశీలమైన శక్తి అని గాంధీగారు చెప్పిన మాట మేస్ తనతో తీసుకుపోయారు. అయితే ఆయన రెండో విషయం కూడా అడిగారు. అంటరానితనం మీద పోరాడుతున్న మీరు కులవ్యవస్థ మీదే ఎందుకు యుద్ధం ప్రకటించరని అడిగారు. గాంధీగారు కులాన్ని వృత్తుల విభజనగా, అంటరానితనాన్ని దానికి పట్టిన చెడుగా వేరుచేసి సమాధానమిచ్చారు.

ఈ ప్రశ్న ఏ సంవత్సరంలో అడిగారో చూడండి. అంబేద్కర్ "కుల నిర్మూలన" అచ్చయింది 1936 మే నెలలో. జూలైలో గాంధీగారు "హరిజన్" పత్రికలో దానికి జవాబు రాశారు. ఆ వాదం ఇంకా వేడిగా ఉండగానే, సముద్రాలు దాటి వచ్చిన ఒక నల్లజాతి బాప్తిస్టు బోధకుడు వార్ధాలో కూర్చుని అంబేద్కర్ లేవనెత్తిన ప్రశ్నే అడిగారు. ఆయన అంబేద్కర్‌ను చదివి అడిగారని నేను అనను. తన ఊరిలో తండ్రి టోపీ తీయడం చూసిన కన్ను ఉంటే ఆ ప్రశ్న దానంతట అదే వస్తుంది.

అసలు మీరు ముగించవలసిన సంఘటన మైసూరు దగ్గరే జరిగింది. అంటరానివారని పేరుపెట్టిన పిల్లలు చదివే ఒక పల్లె బడికి మేస్‌ను పిలిచారు. ఈయన కూడా అమెరికాలో అంటరానివాడే, అయినా ఇంత ఎత్తుకు ఎదిగాడు అని ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు పరిచయం చేశారు. మేస్‌కు మొదట దిగ్భ్రాంతి కలిగింది, కోపం వచ్చింది. డీన్‌ను, డాక్టరేటు పొందినవాడిని, నన్ను అంటరానివాడంటారా అనిపించింది. తరువాత ఆలోచించుకుని, ఆ మాస్టారు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నారు. నా దేశంలో నేను తినకూడని హోటళ్లు, ఎక్కకూడని పెట్టెలు ఉన్నప్పుడు నేను ఇంకెవరిని అని తనను తాను ప్రశ్నించుకున్నారు.

నేను పల్లెలో దళిత క్రైస్తవుల పేటలో పుట్టి, ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటిపేరు, ఊరిపేరు చెప్పగానే ఎదుటివారి ముఖంలో జరిగే లెక్క నాకు తెలుసు. ఒక ఇంటి యజమాని అడ్వాన్సు తీసుకుని, మరునాడు "మా అమ్మగారు ఒప్పుకోవడం లేదు" అని అదే కవరులో డబ్బు తిరిగి ఇచ్చారు. కవరు అంటించిన గోందు కూడా విప్పలేదు. ఆ రాత్రి నాకు మైసూరు బడి గుర్తుకు వచ్చింది. డిగ్రీ చేతికొచ్చాక ఆ పేరు మనకు వర్తించదనుకుంటాము. మేస్ కూడా అలాగే అనుకున్నారు. ఆయన్ను సరిదిద్దింది మన కన్నడ దేశపు పల్లెటూరి మాస్టారు. ఆ పేరు తెలియని మాస్టారికి మీ ప్రసంగంలో ఒక నిమిషం ఇవ్వండి.

అడిగినవారు: చరిత్ర అధ్యాపకురాలు, ఫ్రేజర్ టౌన్

ఇద్దరికీ కృతజ్ఞతలు. కవరు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ. మైసూరు బడితో ముగించమన్న సలహా తీసుకుంటున్నాను. ఇంకొక సందేహం మిగిలింది. ఆయన బాప్తిస్టు అన్న విషయానికీ ఈ అభిప్రాయాలకూ సంబంధం ఉందా, లేక అది పుట్టుకతో వచ్చిన గుర్తింపు మాత్రమేనా? సంఘంలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

జవాబు: సంఘ పెద్ద, లింగరాజపురం

అమ్మాయీ, సంబంధం గట్టిగానే ఉంది. మన బాప్తిస్టు పద్ధతిలో పైనుంచి ఆజ్ఞలిచ్చే బిషప్పు ఉండడు. ఏ సంఘం దాని కాపరిని అదే పిలుచుకుంటుంది, దాని లెక్క అదే చూసుకుంటుంది. మన దగ్గర దీనివల్ల వచ్చిన తగవులు మీకు తెలియనివి కావు. కానీ అమెరికాలో నల్లజాతి వారికి ఈ స్వేచ్ఛ ఎంత విలువైనదో మేస్ లెక్కలు కట్టి చూపించారు. జోసెఫ్ నికొల్సన్‌తో కలిసి ఆయన 609 పట్టణ సంఘాలను, 185 పల్లె సంఘాలను పరిశీలించి 1933లో ఒక పుస్తకం ప్రకటించారు. అందులో సంఘాల అప్పులను, అవసరానికి మించి కట్టిన గుడులను, చదువు చాలని కాపరులను మొహమాటం లేకుండా ఎత్తిచూపారు. అంత విమర్శ చేసి కూడా, నల్లవాడికి పూర్తిగా తనదని చెప్పుకోగలిగిన చోటు ఆ దేశంలో సంఘం ఒక్కటేనని, పొలంలో కూలివాడైన మనిషి అక్కడ సంఘ పెద్దగా నిలబడగలడని రాశారు. తన ఇంటి తప్పును తానే చెప్పగలిగినవాడికి ఎదుటివారి తప్పు చెప్పే హక్కు ఉంటుంది.

ఆ హక్కును ఆయన 1954లో వాడుకున్నారు. ఆ సంవత్సరం మే నెలలో బడుల్లో వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆగస్టులో షికాగో దగ్గరి ఇవాన్‌స్టన్‌లో ప్రపంచ క్రైస్తవ సంఘాల సమాఖ్య మహాసభ జరిగింది. అక్కడ మేస్ మాట్లాడుతూ, రంగును బట్టి మనుషులను వేరు చేయడానికి బైబిల్లో ఆధారం లేదని, పూర్వపు సంఘంలో అలాంటి వివక్ష లేదని, న్యాయస్థానాలు, ఆటమైదానాలు ముందుకు నడుస్తుంటే సంఘం వెనకబడి ఉందని నిలదీశారు. మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు, సమాధుల తోటలో చోటు అడిగేటప్పుడు ఏమి జరుగుతుందో నేను చూశాను. ఇవాన్‌స్టన్ ప్రసంగం గురించి చెప్పేటప్పుడు పెద్దలు కూర్చున్న వైపు కూడా చూసి చెప్పండి. నేను ముందు వరుసలోనే ఉంటాను.

జవాబు: విద్యాశాఖ మాజీ ఉద్యోగి, మారతహళ్ళి

ఇంతవరకు వచ్చిన జవాబులన్నీ మేస్‌ను ప్రేమతో చూశాయి. నాకూ ఆ ప్రేమ ఉంది. అయితే ఇంజినీరింగ్ అబ్బాయి ప్రశ్నకు 1967 దాకా చెప్పి ఊరుకుంటే, రేపు అతడే ఫోనులో వెతికి మరొక ప్రశ్నతో వస్తాడు. దానికి కూడా సిద్ధంగా ఉండండి.

మోర్‌హౌస్ నుంచి విరమించిన తరువాత మేస్ అట్లాంటా నగర పాఠశాలల బోర్డుకు ఎన్నికయ్యారు. 1970 నుంచి 1981 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు, ఆ పదవిలో మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. అప్పటికి బడుల్లో పిల్లలను కలిపే కేసు కోర్టులో ఏళ్ల తరబడి నలుగుతోంది. పిల్లలను బస్సుల్లో ఒక పేట నుంచి ఇంకొక పేట బడికి చేర్చి కలపాలన్నది ఒక మార్గం. తెల్లవారి కుటుంబాలు నగరం విడిచి శివార్లకు పోతుండడంతో, కలపడానికి తెల్ల పిల్లలే తగ్గిపోతున్నారు. 1973లో ఒక రాజీ కుదిరింది. బస్సుల ఏర్పాటు పరిమితంగా ఉంటుంది, దానికి బదులు పాఠశాలల పరిపాలనలో పెద్ద పదవులు నల్లవారికి వస్తాయి. ఆ ఒప్పందం ప్రకారమే అలొంజో క్రిమ్ ఆ నగరానికి మొదటి నల్లజాతి పాఠశాలల సూపరింటెండెంటు అయ్యారు. నల్లవారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ జాతీయ స్థాయిలో దీన్ని తీవ్రంగా వ్యతిరేకించి, ఒప్పుకున్న తన అట్లాంటా శాఖను సస్పెండు చేసింది. జీవితమంతా వేర్పాటును పాపమన్న మేస్, బోర్డు అధ్యక్షుడిగా ఆ రాజీ వైపు నిలబడ్డారు.

ఇది ఓటమా, వివేకమా? నేను ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, నాకు అది వివేకంగా కనిపిస్తుంది, కాని దానికి చెల్లించిన మూల్యం కూడా కనిపిస్తుంది. ఒక జిల్లాలో సంక్షేమ హాస్టలును ఊరి మధ్యకు మార్చాలని మేము ప్రతిపాదన పెట్టాము. ఊరివారు ఒప్పుకోలేదు. చివరకు పాత చోటనే మంచి భవనం, అదే వర్గం నుంచి వచ్చిన వార్డెను, రాత్రి చదువుకు ట్యూటరు ఇస్తామంటే సంతకం పెట్టాను. ఆ సంవత్సరం పదో తరగతి ఫలితాలు మెరుగుపడ్డాయి. హాస్టలు మాత్రం ఈనాటికీ ఊరి బయటే ఉంది. ఆ సంతకం సరైనదని పగలు అనుకుంటాను, రాత్రి అనుకోలేను. మేస్ మోర్‌హౌస్‌లో నేర్చుకున్నది కూడా ఇదేనని నా ఊహ: పిల్లవాడి పక్కన ఎవరు కూర్చున్నారన్న దానితో పాటు, పిల్లవాడి ముందు ఎవరు నిలబడ్డారు, తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 1867లో పుట్టిన మోర్‌హౌస్‌కు జాన్ హోప్ రూపంలో మొదటి నల్లజాతి అధ్యక్షుడు రావడానికి 1906 దాకా పట్టింది. బడి పెట్టినవాళ్లు మంచివాళ్లే అయినా, పగ్గాలు చేతికి రావడానికి ముప్పై తొమ్మిదేళ్లు వేచిన సంస్థ అది. ఆ చరిత్ర తెలిసిన మనిషికి 1973లో పాలనాధికారం చిన్న వస్తువుగా కనిపించి ఉండదు.

అయినా ఎదుటి పక్షం వాదం కూడా పిల్లలకు పూర్తి బలంతో చెప్పండి. పదవులు కొందరికే వస్తాయి, వేరుగా ఉన్న బడి అందరికీ మిగులుతుంది అన్నది వారి వాదం. దానిలో నిజం ఉంది.

అడిగినవారు: చరిత్ర అధ్యాపకురాలు, ఫ్రేజర్ టౌన్

మీరందరూ చెప్పినవి కాగితం మీద పెట్టుకుని ప్రసంగం మళ్లీ రాశాను. కింగ్ అంత్యక్రియల రోజున, 1968 ఏప్రిల్ 9న, ఇద్దరిలో ఎవరు ముందు పోతే వారి గురించి రెండోవారు మాట్లాడాలని చేసుకున్న ఒప్పందం ప్రకారం, డెబ్బై మూడేళ్ల మేస్ మోర్‌హౌస్ ఆవరణలో నిలబడి తన విద్యార్థికి వీడ్కోలు చెప్పారు. మొదట దానితోనే ప్రారంభించి ఉన్నాను. ఇప్పుడు దాన్ని తీసివేశాను. తండ్రి టోపీతో మొదలుపెట్టి, ఫీజుల వసూలు, మంగళవారం చాపెల్, 1956 నాటి గది, ఇవాన్‌స్టన్, 1973 రాజీ దాకా వరుసగా చెప్పి, చివర 1937కు వెనక్కి వెళ్లి మైసూరు బడి దగ్గర ఆగుతాను. గాంధీగారి సమావేశం ఆ బడికి ముందు, కులం గురించిన ప్రశ్నతో సహా వస్తుంది.

రాజీ గురించి నేను తీర్పు చెప్పదలచుకోలేదు. ఆ భాగాన్ని చదవమని ఇంజినీరింగ్ అబ్బాయికే ఇచ్చాను. రెండు పక్షాలూ అతడే చెబుతాడు. నిన్న రాత్రి ఫోను చేసి, "మేడమ్, మా నాన్న కూడా ఊరి బయటి హాస్టల్లోనే చదివారట, ఇవాళే చెప్పారు" అన్నాడు. విద్యాశాఖలో పనిచేసిన వారు వీలైతే ఆ ఆదివారం మా సంఘానికి రావాలని మనవి. సాయంత్రం ఐదు గంటలకు కూటం మొదలవుతుంది.